ఉప్పెన తెచ్చిన అనుమతి: బ్రిటన్ ‘రేనెట్’ కథ

1953 జనవరి 31న స్కాట్లండ్ నుంచి ఉత్తర ఐర్లండ్‌కు బయలుదేరిన ‘ప్రిన్సెస్ విక్టోరియా’ ఓడ తుపానులో చిక్కుకుని మునిగిపోయింది. 133 మంది పోయారు. ఓడ ఒరిగిపోతున్నా రేడియో ఆపరేటర్ డేవిడ్ బ్రాడ్‌ఫుట్ తన గది వదలలేదు. చివరిదాకా మోర్స్‌లో సాయం అడుగుతూనే ఉన్నాడు. చనిపోయాక ఆయనకు జార్జ్ క్రాస్ ఇచ్చారు.

అదే తుపాను ఆ సాయంత్రం ఉత్తర సముద్రాన్ని ఇంగ్లండ్ తూర్పు తీరం మీదికి తోసింది. లింకన్‌షైర్‌లో ఏడు గంటల వేళకే ఉప్పెన కట్టలు తెంచుకుంది. దక్షిణాన థేమ్స్ ముఖద్వారంలో ఉన్న కాన్వే దీవిని నీళ్లు ముంచెత్తింది మాత్రం అర్ధరాత్రి దాటాక. అంటే మధ్యలో ఐదారు గంటలున్నాయి. మనుషుల్ని ఖాళీ చేయించడానికి అది తక్కువ సమయమేమీ కాదు. కానీ పైన మునిగిన ఊళ్ల కబురు కింది ఊళ్లకు చేరలేదు. తీగలు తెగాయి, శనివారం రాత్రి కావడంతో కార్యాలయాలు మూతపడ్డాయి, పక్క జిల్లాను హెచ్చరించే బాధ్యత ఎవరిదో ఏ కాగితం మీదా లేదు. ఒక్క కాన్వేలోనే 58 మంది చనిపోయారు. ఇంగ్లండ్ మొత్తం మీద 307 మంది. టైటానిక్ దుర్ఘటన తరువాత ఓడల్లో రేడియో ఉండి తీరాలని ప్రపంచ దేశాలు కలిసి చట్టాలు చేసుకున్నాయి. నలభై ఏళ్లు గడిచినా నేల మీది ఊళ్లకు అలాంటి ఏర్పాటేదీ లేదు.

పరికరాలు లేక కాదు. ఇంటి వెనక గదిలో వాల్వులతో ట్రాన్స్‌మిటర్ కట్టుకుని, ముక్కూమొహం తెలియని వాళ్లతో గంటల తరబడి మాట్లాడే హామ్‌లు ఆ దేశంలో వేలల్లో ఉన్నారు. వాళ్ల సంఘం ‘రేడియో సొసైటీ ఆఫ్ గ్రేట్ బ్రిటన్’ మూలాలు 1913 నాటి లండన్ వైర్‌లెస్ క్లబ్‌లో ఉన్నాయి. చిక్కంతా లైసెన్సులో ఉంది. సందేశాలు చేరవేసే హక్కు అప్పట్లో తపాలా శాఖ గుత్త సొత్తు. హామ్ తన ప్రయోగాల గురించి, తన సొంత ముచ్చట్లు మాట్లాడుకోవచ్చు. పక్కింటాయన కబురు పంపడం మాత్రం నేరం. టెలిగ్రాముల ఆదాయానికి గండి పడుతుందన్న భయం ఈ నిబంధన వెనక ఉంది. శాంతికాలంలో దీన్ని కొంత అర్థం చేసుకోవచ్చు. కట్టలు తెగిన రాత్రి ఇది హాస్యాస్పదం.

హామ్‌ల పట్ల ప్రభుత్వానికి అంతకుముందు నుంచే రెండు నాలుకలున్నాయి. 1939లో యుద్ధం మొదలవగానే వాళ్ల ట్రాన్స్‌మిటర్లను తీసుకుపోయింది. ఆ వెంటనే వాళ్ల చెవుల్ని అరువడిగింది. రేడియో సెక్యూరిటీ సర్వీస్ తరఫున సుమారు పదిహేను వందల మంది ఔత్సాహికులు రాత్రిళ్లు ఇంట్లోనే హెడ్‌ఫోన్లు పెట్టుకుని జర్మన్ గూఢచారి శాఖ మోర్స్ సంకేతాలు విని రాసిపెట్టేవారు. ఆ కాగితాలు పోస్టులో లండన్ ఉత్తర శివారులోని బార్నెట్‌కు వెళ్లేవి. అక్కడి నుంచి శత్రువుల రహస్య సంకేతాలను ఛేదించే బ్లెచ్‌లీ పార్క్‌కు. తాము ఏం చేస్తున్నదీ భార్యలకు కూడా చెప్పుకోలేదు. దేశ రహస్యాలకు నమ్మదగిన మనుషులు 1946లో లైసెన్సులు తిరిగిచ్చాక వరద కబురుకు నమ్మదగనివారయ్యారు!

1953 వరద ఈ వ్యవహారాన్ని కదిలించింది. అదే ఉప్పెనలో 1,836 మందిని పోగొట్టుకున్న నెదర్లాండ్స్‌లో, బయటి ప్రపంచంతో సంబంధం తెగిన జీలాండ్ దీవుల నుంచి కబుర్లు మోసినవారిలో హామ్‌లు ముందున్నారు. ఆ ఏడే రేడియో సొసైటీ తన సభ్యులతో ‘రేడియో అమెచ్యూర్ ఎమర్జెన్సీ నెట్‌వర్క్’ పెట్టింది. తరువాత అదే రేనెట్ అయింది. లైసెన్సులో కొత్త మినహాయింపు చేరింది. బ్రిటిష్ రెడ్ క్రాస్, సెయింట్ జాన్ ఆంబులెన్స్, పోలీసులు నడిపే సహాయ చర్యల్లోనూ, వాటి కోసం జరిపే అభ్యాసాల్లోనూ హామ్ ఇతరుల సందేశం పంపవచ్చు. చూడ్డానికి చిన్న వాక్యం. దానిలోని ‘అభ్యాసాల్లోనూ’ అన్న మాట లేకపోతే ఈ సంస్థ పదేళ్లు కూడా బతికేది కాదని నా అభిప్రాయం. ఉప్పెనలు ఏటా రావు కదా, మిగతా రోజుల్లో నేర్చుకోవడానికి వీలుండాలి.

అనుమతి విపత్తుకు ముందే చేతికందితే ఏమవుతుందో చూపించే ఉదంతం మనకు దగ్గరిది ఒకటుంది. 1987 తరువాత అండమాన్ దీవుల్లో హామ్ రేడియోను అనుమతించలేదు. 1983లో హైదరాబాద్‌లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఏళ్ల తరబడి ప్రయత్నించి 2004 డిసెంబర్‌లో అనుమతి సాధించింది. భారతీ ప్రసాద్ నాయకత్వంలో బృందం పోర్ట్ బ్లెయిర్ వెళ్లింది. వెళ్లింది ప్రపంచ హామ్‌లతో సరదా సంపర్కాల కోసమే. డిసెంబర్ 26న సునామీ వచ్చింది. వినోదానికి దించిన ఏంటెనాలే దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య క్షేమసమాచారాలు మోశాయి. ఆ తేదీ కలిసిరావడం పూర్తిగా అదృష్టం.

బ్రిటన్‌లో రేనెట్ తొలి పదిహేనేళ్లు పెద్దగా చెప్పుకోవలసినవి కావు. అసలు మలుపు 1968లో వచ్చింది. అణుయుద్ధ భయంతో 1949లో మొదలైన సివిల్ డిఫెన్స్ కోర్‌ను, సహాయక అగ్నిమాపక దళాన్ని ఖర్చు తగ్గించుకోవడానికి ప్రభుత్వం మూసేసింది. జిల్లా కౌన్సిళ్లకు అత్యవసర ప్రణాళికాధికారులు ఉన్నారు కానీ వాళ్ల చేతిలో మనుషుల్లేరు. సొంత పెట్రోలుతో, సొంత రేడియోతో వచ్చేవారిని వాళ్లెందుకు కాదంటారు? అదే కాలంలో టాక్సీలు, వ్యాన్‌ల నుంచి తీసేసిన ‘పై’ (Pye) అనే కంపెనీ ‘కేంబ్రిడ్జ్’ రేడియో సెట్లు చవగ్గా దొరికాయి. వాటిని హామ్‌లు తమ రెండు మీటర్ల బ్యాండ్‌కు మార్చుకున్నారు. బల్లమీది ట్రాన్స్‌మిటర్ కారెక్కింది. లైసెన్సులో పేరున్న సేవాసంస్థల జాబితా కూడా క్రమంగా పెరిగింది.

1988 డిసెంబర్ 21 రాత్రి స్కాట్లండ్‌లోని లాకర్బీ మీద పాన్ యామ్ 103 విమానం పేలి కూలింది. 270 మంది మరణించారు, వారిలో 11 మంది ఊరివాళ్లు. శకలాలు రెండువేల చదరపు కిలోమీటర్లకు పైగా కొండల్లో, అడవుల్లో చెల్లాచెదురయ్యాయి. ప్రతి ముక్కా సాక్ష్యమే కాబట్టి పోలీసులు, సైనికులు, పర్వత రక్షణ దళాలు వరుసకట్టి నేల గాలించాలి. అలాంటిచోట చేతి రేడియో లోయ దాటదు. ఎత్తైన గుట్ట మీద ఒకరు కారు ఆపుకుని, ఒక వైపు విన్నది రెండో వైపుకు మళ్లీ చెప్పాలి. రేనెట్ సభ్యులు అక్కడ సాయపడ్డారు. మంచు గాలిలో గంటల తరబడి కూర్చుని, ఎవరో చెప్పినదాన్ని పొల్లు పోకుండా ఇంకెవరికో అప్పగించే పని ఇది. సొంత తెలివి జోడించకూడదు. మాట్లాడ్డమంటే ప్రాణమిచ్చే హామ్‌కు ఇంతకన్నా కఠినమైన శిక్షణ ఏముంటుంది?

ఆ శిక్షణ ఎక్కువగా ఆదివారాల్లో జరుగుతుంది. విరాళాల సైకిల్ యాత్రలు, మారథాన్‌లు, కొండదారుల నడకలు. ఫలానా మలుపులో ఒకరు కాలు మెలికపడి కూర్చున్నారు, ఆఖరి సైకిల్ ఇంకా రాలేదు వంటి కబుర్లే రోజంతా. ఇందుకా మేం చేరింది అని సణిగేవారు సభ్యుల్లోనే ఉంటారు. నేను వాళ్లతో ఏకీభవించలేను. సందేశం రాసుకోవడం, దాని పక్కన సమయం వేయడం, రేడియో నెట్ నడిపేవారు పిలిచేదాకా నోరు మూసుకోవడం ఇవన్నీ తప్పు జరిగినా ప్రాణం పోని చోటే అలవడాలి.

తరువాత సెల్‌ఫోన్ వచ్చింది. పోలీసులకు ‘ఎయిర్‌వేవ్’ అనే డిజిటల్ రేడియో వచ్చింది. అప్పటికి తల్లి సంఘం నుంచి విడివడి సొంత సంస్థగా నిలబడిన రేనెట్‌కు నీ అవసరమేమిటన్న ప్రశ్న ఎదురైంది. సెల్‌ఫోన్‌నే నమ్ముకుంటే ఏమవుతుందో ఒక తుపాను చూపించింది. 2015 డిసెంబర్ 5న డెస్మండ్ తుపాను లాంకాస్టర్ విద్యుత్ సబ్‌స్టేషన్‌ను ముంచింది. సుమారు 61,000 కనెక్షన్లకు కరెంటు పోయింది. టవర్ల బ్యాటరీలు అయిపోయాక చాలామంది సెల్‌ఫోన్లు మూగబోయాయి. బ్యాటరీ రేడియో ఉన్నవాళ్లు స్థానిక ఎఫ్‌ఎం వార్తలు విన్నారు. లేనివాళ్లు చీకట్లో కూర్చున్నారు. ఎయిర్‌వేవ్ స్థానంలో సెల్ నెట్‌వర్క్ మీదే నడిచే కొత్త వ్యవస్థ తేవాలని ప్రభుత్వం ఆ ఏడే ఒప్పందాలు చేసుకుంది. అది ఏళ్ల తరబడి వాయిదా పడుతూనే వచ్చింది.

2004 నాటి సివిల్ కంటింజెన్సీస్ చట్టం ప్రకారం పోలీసులు, కౌన్సిళ్లు తమ అత్యవసర ప్రణాళికల్లో స్వచ్ఛంద సంస్థలను పరిగణనలోకి తీసుకోవాలి. పిలిచి తీరాలని మాత్రం ఎక్కడా లేదు. 1953లో హామ్ కబురు పంపాలంటే తపాలా శాఖ ఒప్పుకోవాలి. ఇప్పుడు ఆ అడ్డు లేదు కానీ, కౌన్సిల్‌లో కూర్చున్న అధికారికి రేనెట్ ఫోన్ నంబరు తెలిసి ఉండాలి.