చిలకలూరిపేట బాణి నుంచి శ్రీరంగం దాకా: షేక్ చిన మౌలానా నాదస్వర ప్రస్థానం

పల్నాడు అనగానే కారెంపూడి వీరుల ఆరాధన, వారి కథను గానం చేసే కథకులు ముందుగా స్ఫురించడం వల్ల, అదే నేలపై తరతరాలుగా సాగిన నాదస్వర విద్యకు దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు. 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో దక్షిణాన ఉన్న చిలకలూరిపేట పేరు మీద ఒక వాదన బాణియే ప్రసిద్ధమైంది. ఆ బాణిని నిలబెట్టిన విద్వాంసులలో ముస్లిం కుటుంబాలవారు ముఖ్యులు. దేవుడి సేవలకూ, పెళ్లి పందిళ్లకూ, త్యాగరాజ కీర్తనల వాదనకూ అవసరమైన విద్య తండ్రి నుంచి కొడుకుకు సంక్రమిస్తూ వచ్చింది.

నాదస్వరం ఆచ్చా అనే గట్టి కర్రతో చేసే సుషిర వాద్యం, అనగా ఊపిరితో పలికే వాద్యం. పీకను పెదవుల మధ్య పట్టి ఊదుతూ ఏడు రంధ్రాలపై వేళ్లు నడిపే వాదకుడు, స్వరాల నడుమ ఉండే సూక్ష్మ స్థానాలను పెదవి బిగువుతోనూ ఊపిరి ఒత్తిడితోనూ సాధించవలసి ఉంటుంది కనుక, గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, ఈ వాద్యంలో కఠోర సాధన లేనిదే పట్టుబడదు. నాదస్వరం ఒంటరిగా నిలిచేది కాదు. తమిళనాట తవిల్ అని పిలిచే డోలు లయను నడుపుతుంటే, శ్రుతి ఆధార స్వరాన్ని ఎడతెగకుండా పట్టి ఉంచుతుంటే, తాళం ఆవృత్తాన్ని గుర్తు చేస్తుంటే, వీటన్నిటి కలయికే మేళం అవుతుంది.

షేక్ చిన మౌలానా 1924లో, నేటి ప్రకాశం జిల్లాలోని కరవదిలో, నాదస్వర విద్వాంసుల వంశంలో జన్మించారు. తండ్రి వద్ద తొలి పాఠాలు నేర్చి, చిలకలూరిపేట ఆదం సాహెబ్ వద్ద శిక్షణ పొందిన ఆయన, నాదస్వర విద్వాంసుడు తిరువావడుదురై రాజరత్తినం పిళ్లై వాదనకు ఆకర్షితులై, తంజావూరు బాణిని నేర్చుకోవడానికి నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దొరైక్కణ్ణులను ఆశ్రయించారు. అప్పటికే ఒక బాణిలో స్థిరపడిన వాదకుడు మరొక బాణి కోసం మళ్లీ శిష్యుడిగా కూర్చోవడం సామాన్యమైన నిర్ణయం కాదు. ఆయన ప్రస్థానంలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం ఇదేనని చెప్పవచ్చు. రాగాన్ని తాళపు కట్టుబాటు లేకుండా అంచెలంచెలుగా విస్తరించే ఆలాపనలో ఆయన సాధించిన నిండుదనానికి పునాది అక్కడే పడింది. తరువాత శ్రీరంగంలో స్థిరపడిన ఆయనకు 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు లభించాయి. 1999లో ఆయన కన్నుమూశారు.

అమెరికాలోని డెట్రాయిట్‌లో 1929లో జన్మించిన పియానో విద్వాంసుడు బారీ హారిస్ జీవితం ఈ ప్రస్థానం పక్కన పెట్టి చూడదగినది. 1940లలో నల్లజాతి సంగీతకారులు న్యూయార్క్‌లో రూపొందించిన బీబాప్, అంటే వేగమైన స్వర సంచారమూ చిక్కని స్వరమేళనమూ గల జాజ్ శాఖ, ఆయన జీవితకాల సాధన. బాస్‌పై సామ్ జోన్స్, డ్రమ్స్‌పై లూయిస్ హేస్ తోడుగా 1960లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక క్లబ్బులో శ్రోతల ఎదుట రికార్డయిన ఆయన ఆల్బమ్ ‘ఎట్ ద జాజ్ వర్క్‌షాప్’లో, మన సంగీతంలో మనోధర్మం అనే అప్పటికప్పటి కల్పన ముగ్గురి నడుమ ఎలా చేతులు మారుతుందో స్పష్టంగా వినవచ్చు. నాదస్వరం, డోలు, శ్రుతి సాగించే సంభాషణ స్వభావంలో దీనికి దూరమైనది కాదు. అయితే పియానో మెట్లు స్వరస్థానాలను ముందే నిర్ణయించి పెట్టగా, నాదస్వరంలో ఆ భారమంతా వాదకుడి ఊపిరిదే.

శబ్దముద్రణ ఈ రెండు విద్యలకూ ఒకే విధంగా మేలు చేయలేదు. పాత గ్రామఫోన్ పళ్లెంలో ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాలే చోటు ఉండడంతో, గంటల తరబడి సాగవలసిన ఆలాపన కుదించుకుపోయింది. ఆ తరువాత వచ్చిన లాంగ్‌ప్లే రికార్డులూ క్యాసెట్లూ నిడివిని పెంచినా, ఆరుబయట వీధి పొడవునా వినిపించడానికి పుట్టిన నాదాన్ని మైకు ముందుకు, నాలుగు గోడల మధ్యకు తేవడంలో దాని విస్తృతి కొంత తగ్గక తప్పలేదు. అందువల్ల చిన మౌలానా రికార్డులు ఎంత విలువైనవైనా, వాటిని మాత్రమే విని ఆ బాణిని అంచనా కట్టడం న్యాయం కాదు.

చిన మౌలానా వాదనతో పాటు బోధనకు కూడా ప్రాధాన్యం ఇచ్చారు. హారిస్ న్యూయార్క్‌లో జాజ్ కల్చరల్ థియేటర్‌ను ప్రారంభించిన 1982లోనే, చిన మౌలానా శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీత ఆశ్రమాన్ని స్థాపించారు. ఇంటి విద్యగా ఉన్నదానిని ఏ ఇంటివారైనా నేర్చుకోగల విద్యగా మార్చిన ప్రయత్నమిది. ఆయన మనుమలు కాశిం, బాబు జంటగా ఆ బాణిని కొనసాగించగా, శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు 2021లో పద్మశ్రీ అందుకున్నారు. పురుషులే అధికంగా ఉన్న ఈ రంగంలో కాలీషాబీ భర్తతో సమానంగా కచేరీలు చేస్తున్నారు.