మాటలు పోయిన బొమ్మ

పాత గేమ్స్ పిచ్చి ఉన్నవాళ్ళకి డైనమైట్ హెడ్డీ గుర్తుండే ఉంటుంది. 1994లో సెగా మెగా డ్రైవ్ కోసం ట్రెజర్ అనే జపాన్ కంపెనీ చేసింది. హీరో ఒక కీలుబొమ్మ. తన తలనే విసిరి శత్రువుల్ని కొడతాడు. లెవెల్సన్నీ నాటకం సెట్టింగుల్లా ఉంటాయి.

అమెరికా, యూరప్‌లకి పంపేటప్పుడు మాత్రం డైలాగులు చాలావరకు పీకేశారు, ఆట ఇంకా కష్టం చేశారు. మన భాషలో చెప్పాలంటే, అనువదించాల్సిన స్ట్రింగ్స్‌ని డిలీట్ చేశారన్నమాట! ఆట మిగిలింది, కథ పోయింది.

మన తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్కల మాటలు తీసేస్తే? రామాయణం ఉంటుంది, జనం నవ్వు ఉండదు. మా కొత్తగూడ ఉన్న పాత వరంగల్ జిల్లాలోనే అమ్మాపురం కొయ్యబొమ్మలాటకి పేరున్న ఊరు. అటెళ్ళి వీడియో తీసేవాళ్ళు బొమ్మల మాటలు కూడా రాసిపెట్టండి బాబూ. బొమ్మని మ్యూజియం దాస్తుంది, మాటని మనమే దాచుకోవాలి.