అభిరుచులు ఏల మారును?

"మా కాలమున నిట్టి తిండ్లు లేవు" అని పెద్దలు పలుకుట వాడుక. అయితే మన చిత్తూరు సీమలో అనాదిగా వచ్చినదని మనము తలంచు భోజనమునే కొంచెము పరిశీలింతము.

రాగిసంగటి, చెనక్కాయల చట్నీ, అందులో ఎండుమిరపకాయ: ఇంతకంటె మన సొంతమైనది వేఱొకటి గలదా? కాని రాగి తూర్పు ఆఫ్రికాలో పుట్టి, వేల యేండ్లకు పూర్వము మన దేశమునకు వచ్చినది. చెనక్కాయయు, మిరపయు అమెరికా ఖండములవి. 1498వ సంవత్సరమున పోర్చుగీసువారు కళ్లికోటకు ఓడదారి కనుగొనిన పిమ్మటనే అవి మనకు చేరినవి. 1503లో పరమపదించిన తాళ్లపాక అన్నమాచార్యులవారి కాలమున కారమనగా మిరియమే. మిరప యను పేరును దానినుండియే కలిగినది. మిరియము మలయాళ దేశమునుండి కొని తేవలసినది. మిరప మన పెరటిలోనే కాయునది. చౌకయైనది నిలిచినది.

అభిరుచి మారుటకు వెల యొక కారణము, మర్యాద రెండవది. మన మెట్ట పల్లెలలో వరియన్నము పండుగకును చుట్టమునకును, సంగటి దినదినమునకును ఏర్పడి యుండెను. కావున వరి కలిమికిని, రాగి లేమికిని గుర్తులైనవి. 1983లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కిలో బియ్యము 2 రూపాయలకు ఇచ్చుటతో, పండుగనాటి యన్నము పేదయింట నిత్యభోజనమయ్యెను. ఎందరి యాకలియో తీరినది. అది చిన్న మేలు కాదు. కాని సంగటి తినుట చిన్నతనమను భావము పిల్లలలో బలపడెను, రాగిచేలును తగ్గెను.

మూడవది ఆరోగ్యచింత. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము గలదు. మరబియ్యములో అందు పదియవ వంతైనను లేదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించెను. నాడు లేమికి గుర్తైన సంగటిని నేడు తిరుపతి హోటళ్లలో కలవారు వెలయిచ్చి తినుచున్నారు.

ఇందువలన తేలునదేమి? నాలుక స్వతంత్రురాలు కాదు. సంతయు, సర్కారును, ఇరుగుపొరుగుల మెప్పును దానిని నడపుచుండును. కావున క్రొత్త రుచిని నిందింపను పనిలేదు. అయితే రుచి యొక యేట మరలి రావచ్చును. విడిచిన విత్తనము, మఱచిన సేద్యము అట్లు రావు. ఏ నేలకు ఏ రాగి తగును, నారు ఎన్నడు నాటవలెను, పాతరలో గింజ నెట్లు దాచవలెను అనునవి యెఱిగిన పెద్దలు మీలో నున్నారు. ఈ కార్తెలోనే మనుమలను చేనికి దోడ్కొని పోయి వానిని చెప్పుడు.