మాల్ ఎందుకు వాడిపోతుంది? అబిడ్స్ నేర్పే పాఠం

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
- అంగడి, బజారు, మాల్‌ల మధ్య తేడాను గుర్తించగలుగుతారు.
- హైదరాబాద్ అనుభవం ఆధారంగా మాల్ క్షీణతకు కారణాలను వివరించగలుగుతారు.
- మీ ఊరి వ్యాపార స్థలం చరిత్రను సొంతంగా పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

చొప్పదండిలో "షాపింగ్ మాల్" అనగానే కరీంనగర్‌లో పెళ్ళిబట్టలు కొనే పెద్ద బట్టల దుకాణం గుర్తుకు వస్తుంది. చరిత్రకారులు ఈ మాటను వేరే అర్థంలో వాడతారు. ఎన్నో దుకాణాలు, తిండి, వినోదం ఒకే కప్పు కింద, ఒకే యాజమాన్యం నిర్వహణలో నడిచే భవనమే మాల్. వియన్నాలో పుట్టి, 1938లో నాజీల నుంచి తప్పించుకుని అమెరికా చేరిన విక్టర్ గ్రూయెన్ దీనికి నమూనా ఇచ్చాడు. ఆయన రూపొందించిన సౌత్‌డేల్ సెంటర్ 1956లో మినియాపొలిస్ నగరం దగ్గర ప్రారంభమైంది. ఊరి నడిబొడ్డున ఉండే సందడిని శివారుకు తేవాలన్నది ఆయన కోరిక. తన పేరున పుట్టుకొచ్చిన మాల్‌లను చూసి చివరి రోజుల్లో ఆయనే వాటిని తనవి కావన్నాడు.

మన దేశంలో 1999లో ఢిల్లీలో అన్సల్ ప్లాజా, ముంబయిలో క్రాస్‌రోడ్స్ తెరుచుకోవడంతో ఈ తరహా మాల్‌ల కాలం మొదలైంది. తరువాతి ఇరవై ఏళ్ళలో కొన్ని మాల్‌లు వర్ధిల్లాయి, మరికొన్ని ఖాళీ అయ్యాయి. ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు వెదకడానికి అబిడ్స్‌తో మొదలుపెడదాం.

2. ఒకే చోట మూడు కాలాలు

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ (పాలనాకాలం 1869-1911) కొలువులో ఆల్బర్ట్ అబిడ్ అనే అర్మేనియన్ ఉండేవాడు. ఆయన పెట్టిన దుకాణం వల్లనే ఆ ప్రాంతానికి అబిడ్స్ అనే పేరు స్థిరపడింది. తరువాత అదే చోట ప్యాలెస్ టాకీస్ నడిచింది. సినిమా హాలు కాలం తీరాక అక్కడ బిగ్‌బజార్ వెలిసింది. అంటే సంపన్నుల దుకాణం, అందరి వినోదం, మధ్యతరగతి కొనుగోలు ఒకదాని తరువాత ఒకటి ఆ ఒక్క స్థలంలోనే వచ్చి పోయాయి.

కిశోర్ బియానీ నాయకత్వంలోని ఫ్యూచర్ గ్రూప్ 2001లో బిగ్‌బజార్‌ను ప్రారంభించింది. బిగ్‌బజార్ తానుగా మాల్ కాదు. కానీ దేశంలో ఎన్నో మాల్‌లకు జనాన్ని రప్పించిన ఆకర్షణ దుకాణం అదే. 2004లో అదే సంస్థ పంజాగుట్టలో హైదరాబాద్ సెంట్రల్‌ను తెరిచింది. బట్టలు, తిండి, సినిమా ఒకే భవనంలో దొరకడం నగరవాసులకు అప్పట్లో కొత్త.

3. పతనం జరిగిన తీరు

ఫ్యూచర్ గ్రూప్ అప్పులు చేసి విస్తరించింది. 2020 మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్ వచ్చినప్పుడు అమ్మకాలు ఆగిపోయాయి, అద్దెలూ వడ్డీలూ ఆగలేదు. ఆ ఆగస్టులో తన వ్యాపారాన్ని రూ. 24,713 కోట్లకు రిలయన్స్‌కు అప్పగించే ఒప్పందాన్ని సంస్థ ప్రకటించింది. 2019లో ఫ్యూచర్ సంస్థల్లో ఒకదానిలో పెట్టుబడి పెట్టిన అమెజాన్ దీనికి అడ్డు చెప్పింది. వివాదం న్యాయస్థానాల్లో సాగుతుండగానే, అద్దెలు కట్టలేక చాలా దుకాణాల లీజులు రిలయన్స్ చేతికి పోయాయి. 2022 ఫిబ్రవరిలో రిలయన్స్ వాటిని స్వాధీనం చేసుకోవడం మొదలుపెట్టింది. ఏప్రిల్‌లో తనఖా ఉన్న రుణదాతలు ఒప్పందాన్ని తిరస్కరించారు. జులైలో ఫ్యూచర్ రిటైల్ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ కొద్ది నెలల్లో జనం ఉప్పులు, పప్పులు కొనడం మానలేదు. ఆగిపోయింది గిరాకీ కాదు, గిరాకీ మీద కట్టిన అప్పుల మేడ.

4. క్షీణతకు కారణాలు

(అ) ఒకే ద్వారం: బజారులో ప్రతి దుకాణానికీ వీధి వైపు తన సొంత తలుపు ఉంటుంది. ఒకటి మూతపడితే పక్కది నడుస్తుంది. మాల్‌లో అందరికీ ఒకే ద్వారం, ఒకే లిఫ్టు, ఒకే కరెంటు ఖర్చు. ఆకర్షణ దుకాణం వెళ్ళిపోతే దాని నీడన ఉన్న చిన్న దుకాణాలకు అడుగుపెట్టేవారు తగ్గుతారు. అద్దెలు రాక నిర్వహణ కుంటుపడుతుంది, నిర్వహణ కుంటుపడి జనం ఇంకా తగ్గుతారు.

(ఆ) ముక్కలైన యాజమాన్యం: కొందరు నిర్మాతలు దుకాణాలను విడివిడిగా అమ్మేశారు. ద్వారం ఒకటే, యజమానులు వందమంది. ఎవరు ఏం అమ్మాలో, నడవా ఎవరు బాగుచేయాలో తేల్చేవారు లేకుండా పోయారు.

(ఇ) పోటీ: ఆన్‌లైన్ కొనుగోళ్ళు, పక్కనే లేచిన కొత్త మాల్‌లు.

నైట్ ఫ్రాంక్ సంస్థ లెక్క ప్రకారం 2023లో దేశంలోని ఎనిమిది పెద్ద నగరాల్లో 40 శాతానికి మించి ఖాళీగా ఉన్న కేంద్రాలు 64. అయితే హైదరాబాద్‌లో అలాంటి ఖాళీ స్థలం అంతకు ముందు ఏడాది కన్నా తగ్గింది. కాబట్టి "మాల్‌ల కాలం అయిపోయింది" అని పరీక్షలో రాయకండి. మంచి నిర్వహణ ఉన్నవి నిలిచాయి, లేనివి వాడిపోయాయి.

5. పోల్చి చూడదగిన కట్టడం

అబిడ్స్‌కు దగ్గరలోనే మోజంజాహీ మార్కెట్ ఉంది. ఏడో నిజాం కాలంలో 1935లో రాతితో కట్టిన ఈ మార్కెట్‌కు ఆయన రెండో కుమారుడి పేరు పెట్టారు. దుకాణాలు వీధి వైపు తెరుచుకుంటాయి, గడియార స్తంభం దూరం నుంచే కనిపిస్తుంది. ఇదీ ఒక దశలో శిథిలమైంది. కానీ అక్కడి వ్యాపారం పూర్తిగా ఆగలేదు. ప్రభుత్వం మరమ్మతులు చేయించి 2020 ఆగస్టులో తిరిగి ప్రారంభించింది. ఫ్యూచర్ గ్రూప్ తనను తాను అమ్మకానికి పెట్టిన నెల కూడా అదే.

నిర్లక్ష్యం రెండు చోట్లా జరగవచ్చు. తేడా ఏమిటంటే, మార్కెట్ పాడైతే "బాగుచేయండి" అని పౌరుడు అడగగలడు. మాల్ మూతపడితే అడగడానికి అతనికి హక్కు లేదు. అతను అక్కడ పౌరుడు కాదు, కొనుగోలుదారు మాత్రమే.

6. చొప్పదండికి దీనితో పనేమిటి?

చొప్పదండి 2018లో మున్సిపాలిటీ అయింది. ఊరు పట్టణంగా మారేటప్పుడు అంగడి ఎక్కడ సాగాలి అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. కూరగాయల గంపతో నేల మీద కూర్చునే మహిళకు అంగడిలో చోటుంది. మాల్‌లో ఆమెకు చోటు లేదు, అడ్వాన్సు కట్టే స్తోమతా లేదు. అంగడి జాగాలో కాంప్లెక్సు కట్టాక అది నడవకపోతే, పోయేది భవనం ఒక్కటే కాదు. అంగడి కూడా తిరిగిరాదు. కొత్త కట్టడాలు వద్దని దీని అర్థం కాదు. కట్టేముందు ద్వారం ఎవరి వైపు తెరుచుకుంటుంది, జాగా ఎవరి పేరున ఉంటుంది అని అడగాలి.

7. సారాంశం

మాల్ క్షీణత జనం అభిరుచి మారడం వల్లనే జరిగింది కాదు. అప్పు, అద్దె, ఒకే ద్వారం మీద ఆధారపడిన అమరిక దానికి మూలం. వ్యాపారం ఒక చోటి నుంచి మరో చోటికి మారుతూనే ఉంటుంది. జనం కలుసుకునే స్థలం ఉమ్మడి ఆస్తిగా ఉన్నప్పుడే ఆ మార్పులను తట్టుకుని నిలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఆకర్షణ దుకాణం మూతపడితే మిగిలిన దుకాణాలకు ఏమవుతుంది?
2. మోజంజాహీ మార్కెట్‌కూ మాల్‌కూ గల తేడాలను వివరించండి.
3. మీ ఊరిలో మూతపడిన ఒక దుకాణం లేదా సినిమా హాలు గురించి ఇద్దరు పెద్దవారిని అడగండి. ఆ జాగా ఎవరిది, ఎందుకు మూతపడింది, ఇప్పుడు అక్కడ ఏముంది? వారు చెప్పినదానిలో తేడాలుంటే వాటినీ రాసి, ఒక పేజీకి మించకుండా వ్యాసం తయారుచేయండి.