కంభం కట్ట చుట్టూ ఒక పొద్దు

ఇంకా వెలుగు రాకముందే కంభంలో కందులాపురం సెంటర్‌ దగ్గర బస్సు దిగుతారు. గుంటూరు నుంచి అనంతపురం పోయే హైవే ఇది. మార్కాపురం వెనకబడింది, గిద్దలూరు ఇంకా ముందుంది. మాఘమాసపు చలి. టీ బంకు దగ్గర నలుగురు మఫ్లర్లు చుట్టుకుని నిలబడి ఉన్నారు. మీ భుజాన సంచి చూసి ఒకాయన అడుగుతాడు.

"యాడికి సార్, పోయేది?"

"చెరువుకట్టకి."

"నడిచా? ఆటోలున్నాయి గదా!"

నడిచే వెళ్లండి. ఊరు దాటాక మొదట కనిపించేవి కొండలే. పెద్దవేం కావు, ఒకదాని వెనక ఒకటి మెల్లగా లేచి మెల్లగా దిగుతుంటాయి. పడమర నల్లమల, తూర్పున వెలిగొండలు, ఈ రెంటి మధ్య నేల అంతా ఇలాగే ఎగుడుదిగుడు. దారి పక్కన తంగేడు, పరికి కంపలు, రాళ్ల సందుల్లో ఆకు రాల్చిన సీతాఫలం చెట్లు. కాలి కింద రాయి పలకలుగా విడిపోతుంది. ఒక ముక్క తీసి చూడండి. బడిపిల్లల పలకలతో మార్కాపురానికి పేరు తెచ్చిపెట్టింది ఈ జాతి రాయే. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రాతి పొరలకు కంభం పేరే పెట్టుకున్నారు. వాటి వయసు వందకోట్ల ఏళ్ల పైమాటే.

ముందు రెండు కొండలు దగ్గరకొస్తాయి. వాటి మధ్య అడ్డంగా ఇంకో గుట్ట ఉన్నట్టుంటుంది. చెట్లు మొలిచి, మట్టి గట్టిపడి, అదీ కొండేమో అనిపిస్తుంది. దానిమీదికి ఎక్కుతారు. ఆఖరి అడుగు వేసేదాకా ఏమీ తెలియదు. ఆ తర్వాత కళ్లముందు నీళ్లు తప్ప ఇంకేమీ లేదు.

కంభం చెరువు. నిండితే పొడవు ఏడు కిలోమీటర్లు, వెడల్పు మూడున్నర. అవతలి గట్టు మంచులో కలిసిపోయింది. దాని వెనక నల్లమల నీలంగా, వరసలు వరసలుగా. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. దూరంగా పుట్టిలో ఇద్దరు, ఒకరు తెడ్డు వేస్తుంటే ఒకరు వల లాగుతున్నారు. వాళ్ల మాటలు నీటిమీదుగా ఇక్కడిదాకా వినిపిస్తున్నాయి.

కట్టమీద కాసేపు కూర్చోండి. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ, దానితో కలిసే జంపలేరు, ఈ రెండు కొండల సందులోంచే కిందికి దిగాలి, వేరే దారి లేదు. ఆ సందును వాకిలి మూసినట్టు మూశారు. కొండలే రెండు వైపులా గోడలయ్యాయి, మనిషి కట్టాల్సింది మధ్యలో కొంచెమే. ఆ కొంచెమే 57 అడుగుల ఎత్తు. దాని వెనక 430 చదరపు మైళ్లలో కురిసిన వాన వచ్చి ఆగుతుంది. ఎక్కడ కట్టాలో తెలుసుకోవడమే ఇందులో అసలు విద్య అని నాకనిపిస్తుంది. ఆ చోటు పసిగట్టిన మనిషి ఈ కొండల్లో వానాకాలమంతా తిరిగి ఉండాలి. గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. రాళ్లు పేర్చిన చేతుల పేర్లు మాత్రం ఎవరూ చెప్పలేరు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువుకూ ఆ ఏడాదే ఆ గౌరవం దక్కింది.

పొద్దెక్కింది. కట్ట దాటి కొండ పక్కన మేకల బాట పట్టుకుని దిగితే తూము నీళ్లు పారే కాలవ తగులుతుంది. ఇక దాని గట్టే మీకు దారి. నీళ్ల చప్పుడు వెంటే వస్తుంది. ఒక పక్క కొత్తగా నాటిన వరి, ఇంకో పక్క ఆకు పండుబారిన పసుపు చేను, ఆ వెనక అరటి. గాలి చల్లబడింది, మట్టి వాసన మారింది. ఇందాకటి రాతినేల ఇదేనంటే నమ్మబుద్ధి కాదు. పార భుజాన వేసుకుని ఒక పెద్దాయన మడికి గండి కొడుతున్నాడు.

"ఈ ఏడు నీళ్లు ఎట్టున్నాయి పెదనాయనా?"

"అలుగు పారిన ఏడు దిగుల్లేదు నాయనా. చెరువు నిండకపోతేనే తంటా. పైనోళ్ల మడి తడుస్తాది, కిందోడు ఆకాశం జూడాల."

గండి పూడ్చి, ఇంకో మడి వైపు నడిచాడు.

కాలవ సన్నబడుతూ పోయి ఒకచోట ఆగిపోతుంది. అక్కడే ఆయకట్టు అయిపోయింది. ఒక గట్టు దాటితే చాలు, అవతల కోసేసిన కంది మోళ్లు, ఎండిపోయిన బోరు, నరికేసిన బత్తాయి మొదళ్లు. పల్లెలోకి దారి తీస్తే ఇళ్ల ముందు నీలం డ్రమ్ములు వరసగా ఉన్నాయి, ట్యాంకరు కోసం. పశ్చిమ ప్రకాశంలో చాలా ఊళ్ల భూగర్భజలంలో ఫ్లోరైడు. బోరు పడినా ఆ నీళ్లు తాగలేని ఊళ్లున్నాయి. ఈ నేలకు కృష్ణా నీళ్లు తేవాలని 1996లో వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద రెండు సొరంగాలు, ఒక్కోటీ దాదాపు 19 కిలోమీటర్లు. లక్ష్యం 43.5 టీఎంసీలు, నాలుగున్నర లక్షల ఎకరాలు. అప్పుడు పుట్టిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు. వాళ్ల అమ్మలు ఇంకా డ్రమ్ముల దగ్గరే నిలబడ్డారు. పొద్దున కట్టమీద అన్ని నీళ్లు చూసి వచ్చాక ఈ డ్రమ్ముల ముందు నిలబడటం కష్టం. ఈ ఊళ్లకు వెలిగొండ నీళ్లు చేరాలి, ఇంకా ఆలస్యం కాకుండా చేరాలి.

పల్లె చివర రావిచెట్టు దగ్గర మట్టిబాట ఊరి వైపు తిరుగుతుంది. ఎండ చురుక్కుమంటోంది. కొండలు మళ్లీ ఎదురొస్తాయి, ఈసారి రెండో వైపు నుంచి. ఇటునుంచి చూస్తే కట్ట కనపడదు, చెరువూ కనపడదు. హైవే లారీల మోత దగ్గరపడేసరికి మధ్యాహ్నం అవుతుంది.

మీరూ రాదలిస్తే వానలు బాగా పడిన ఏడు, కార్తీకంలో రండి. అలుగు పారుతుంటే జనం పిల్లల్ని చంకనేసుకుని చూడటానికి వస్తారు. నిండని ఏడు కూడా ఒకసారి రండి. ఈ చెరువు ఎంతమందిని బతికిస్తోందో ఆ ఏడే బాగా తెలుస్తుంది.