టీకా చీటీ: మచ్చ నుంచి క్యూఆర్ కోడ్ దాకా

పొలిమేర దాటి వచ్చినవాణ్ని ఆరోగ్యానికి రుజువు అడగడం టీకాల కంటే ఎంతో పాత ఆనవాయితీ. ఏడ్రియాటిక్ తీరంలోని రగూసా నగరం, అంటే నేటి దుబ్రోవ్నిక్, ప్లేగు ఊళ్ల నుంచి వచ్చేవారిని నెల రోజులు బయటే ఆపాలని 1377లో శాసనం చేసింది. తర్వాతి శతాబ్దాల్లో ఇటలీ రేవుల్లో ఆరోగ్య పత్రాలు వాడుకలోకి వచ్చాయి. ఓడ బయలుదేరిన చోట అంటురోగం లేదని అక్కడి అధికారి ముద్ర వేసి ఇచ్చేవాడు. చేరిన రేవులో అది చూపితేనే సరుకు దించనిచ్చేవారు. ఆ పత్రాలు చెప్పేది ప్రధానంగా ఊరి సంగతి. ప్రయాణికుడికి ఆ రోగం సోకే వీలుందా లేదా అని తేల్చే సాధనం అప్పటికి ఎవరి దగ్గరా లేదు.

1796లో ఎడ్వర్డ్ జెన్నర్ గోమశూచి టీకా వేసి చూపాక ఆ సాధనం దొరికింది. పైగా ఈ టీకాకు కాగితం అక్కర్లేని సాక్ష్యం ఉంది: చేతి మీద గుండ్రంగా, కాస్త గుంటగా మిగిలే మచ్చ. 1885లో కెనడాలోని మాంట్రియల్‌లో మశూచి చెలరేగినప్పుడు అమెరికా సరిహద్దు దగ్గర ఇన్‌స్పెక్టర్లు రైళ్లెక్కి చీటీ అయినా చూపండి, తాజా మచ్చ అయినా చూపండి అన్నారు. చీటీకి నకలు పుట్టినట్టే మచ్చకూ పుట్టింది. ఆ శతాబ్దం మలుపులో టీకా ఇష్టంలేని కొందరు అమెరికాలో యాసిడ్ చుక్కతో చేతిమీద దొంగ మచ్చ చేసుకున్నారు.

భారతదేశంలో ఈ రుజువు మొదట కూలీల వలసతో ముడిపడింది. మద్రాసు డిపో నుంచి మారిషస్‌కూ, 1860 నుంచి నాటాల్‌కూ ఒప్పంద కూలీలుగా వెళ్లినవారిలో తెలుగు జిల్లాలవారు చాలామంది. ఓడ ఎక్కేముందు డిపో వైద్యుడు చూడాలి, టీకా పడాలి, ఆ తర్వాతే వలస పాసు. తేయాకు తోటల పనికి సిలోన్ వెళ్లేవారికి రామేశ్వరం దారిలోని మండపం శిబిరంలో కొన్ని రోజుల నిర్బంధం, మశూచి టీకా, తర్వాతి కాలంలో కలరా సూది కూడా తప్పేవి కావు. వారిలో ఎక్కువమంది తమిళులు. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి స్టీమరు మీద రంగూన్ చేరే తెలుగు కూలీలకు దిగిన చోట వైద్య పరీక్షలూ టీకాలూ ఉండేవి. ఈ పట్టింపంతా డెక్ మీద ప్రయాణించేవారి మీదే. క్యాబిన్ టిక్కెట్టు కొన్న ప్రయాణికుడి చొక్కా చేయి ఎత్తి చూసేవారు తక్కువ. రోగక్రిమికి టిక్కెట్టు తరగతి తెలియదు గానీ రేవు అధికారికి బాగా తెలుసు. రుజువు ఎవరిని అడగాలన్న నిర్ణయంలో వైద్యం పాలు ఎంతో, హోదా పాలు ఎంతో విడదీయడం ఆనాడే కష్టం, తర్వాతా కష్టమే.

1896లో బొంబాయిలో ప్లేగు బయటపడటంతో వ్యవహారం దేశం లోపలికీ పాకింది. మరుసటి ఏడాది అంటువ్యాధుల చట్టం వచ్చింది. హజ్ ఓడలు ఆగాయి. రైల్వే స్టేషన్లలో ప్రయాణికులను వరసగా నిలబెట్టి పరీక్షించారు. మద్రాసు రాజధానిలో ప్లేగు ప్రాంతాల నుంచి దిగినవారికి ఒక పాస్‌పోర్టు చేతికిచ్చి, చేరిన ఊళ్లో కొన్నాళ్లపాటు అధికారి ఎదుట హాజరు వేయించుకోవాలని నియమం పెట్టారు. ఈలోగా శాస్త్రవేత్త వాల్డెమార్ హాఫ్‌కిన్ ప్లేగు టీకా తయారుచేసి 1897 జనవరి 10న తన ఒంటి మీదే ప్రయోగించుకున్నాడు. టీకా వేయించుకున్నవారికి ధ్రువపత్రం ఇచ్చి, వేరుచేసి ఉంచే శిబిరాల వంటి కొన్ని ఆంక్షల నుంచి మినహాయింపు ఇవ్వడం బొంబాయి రాజధానిలో మొదలైంది. టీకా మీద నమ్మకంతో వచ్చినవారూ ఉన్నారు, శిబిరం తప్పుతుందని వచ్చినవారూ ఉన్నారు. ప్రయాణ స్వేచ్ఛను టీకాకు ఎరగా వాడటం 2021లో కోవిడ్ వేళ కొత్తగా కనిపెట్టిన ఉపాయం అనుకునేవారు ఈ ఘట్టాన్ని మరిచిపోతారు.

ఓడల కాలంలో రేవు అధికారికి ఒక వెసులుబాటు ఉండేది. రోగం పొదిగే కాలం ప్రయాణంలోనే గడిచిపోయి, దిగేసరికి లక్షణాలు బయటపడేవి. విమానం ఆ వెసులుబాటును తీసేసింది. ఆఫ్రికాలో ఉదయం దోమ కుట్టిన మనిషి రెండు మూడు రోజుల్లో ఆసియాలో ఆరోగ్యంగా దిగవచ్చు. అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది ఎల్లో ఫీవర్. దాన్ని మోసే ఈడిస్ ఈజిప్టై దోమ భారతదేశమంతటా ఉంది, రోగం మాత్రం ఇక్కడ ఎన్నడూ పాదం మోపలేదు. ఒక్క రోగి దిగితే చాలునన్నది ఆనాటి భారత ప్రభుత్వ ఆందోళన. విమాన ప్రయాణాలకు ప్రత్యేకించిన మొదటి అంతర్జాతీయ ఆరోగ్య ఒప్పందం మీద 1933లో హేగ్‌లో సంతకాలు జరిగాయి. నాలుగేళ్లకు, 1937లో, మాక్స్ థైలర్ బృందం 17డి టీకాను సిద్ధం చేసింది. దానికి ఆయనకు 1951లో నోబెల్ బహుమతి వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం సైనికులనూ శరణార్థులనూ ఖండాలు దాటించింది. తలా ఒక రకం చీటీతో పని జరగదని తేలి, 1944 ఒప్పందాల్లో టీకా ధ్రువపత్రాలకు అంతర్జాతీయ నమూనాలు ఖరారయ్యాయి. ఆ బాధ్యత కొత్తగా ఏర్పడిన ప్రపంచ ఆరోగ్య సంస్థకు సంక్రమించింది. 1951లో ఆ సంస్థ ఆమోదించిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు 1952 అక్టోబరు 1న అమల్లోకి వచ్చాయి. తర్వాతి మూడు దశాబ్దాలు విదేశాలకు వెళ్లిన ప్రతివాడి సంచిలో పాస్‌పోర్టు పక్కన ఉండే పసుపుపచ్చ పుస్తకం వీటి ఫలితమే.

ఆ పుస్తకాన్ని నింపడం ఒక క్రతువు. ఇంగ్లీషు, ఫ్రెంచి భాషల్లో గడులు ఉంటాయి. తేదీలో రోజు అంకెల్లో, నెల అక్షరాల్లో రాయాలి, ఎందుకంటే 5-6 అని రాస్తే ఒక దేశానికి మే, ఇంకో దేశానికి జూన్. డాక్టరు సంతకం ఒక్కటే చాలదు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రం ముద్ర పడాలి. టీకా బ్యాచ్ నంబరు ఉండాలి. కొట్టివేత కనిపించినా, ఒక్క గడి ఖాళీ ఉన్నా పత్రం చెల్లదనే హక్కు అవతలి అధికారిది. మశూచి గడిలో మరో మెలిక ఉంది. మొదటిసారి వేయించుకున్నవాడైతే, ఆ టీకా పొక్కిందా లేదా అని చూసి రాయాలి. పొక్కితే ఎనిమిదో రోజు నుంచి మూడేళ్లు చెల్లుబాటు. కలరా సూదికి ఆరు నెలలే.

ఇంత కట్టుదిట్టం చేసినా పుస్తకం రోగాన్ని ఆపలేకపోయిన సందర్భాలు ఉన్నాయి. 1961 చివర్లో, 1962 మొదట్లో పాకిస్తాన్ నుంచి వచ్చిన ప్రయాణికులతో బ్రిటన్‌లోకి మశూచి అయిదుసార్లు ప్రవేశించి, బ్రాడ్‌ఫర్డ్‌లోనూ దక్షిణ వేల్స్‌లోనూ పెద్దగా వ్యాపించింది. 1972లో మక్కా నుంచి ఇరాక్ మీదుగా తిరిగివచ్చిన ఒక యాత్రికుడు యుగోస్లావియాకు మశూచి తెచ్చాడు. 175 మందికి సోకింది, 35 మంది పోయారు. అతను బయలుదేరేముందు టీకా వేయించుకున్నవాడే, పొక్కలేదంతే. ముద్ర సరిగ్గా ఉందా అని చూసే అధికారికి ముద్ర వెనక ఉన్న మందు పనిచేసిందో లేదో తెలిసే దారి లేదు. ధ్రువపత్రానికి ఉన్న అసలు బలహీనత ఇదే.

కలరా సంగతి ఇంకా తేటగా తేలింది. అప్పటి సూది రక్షణ స్వల్పం, రోగం దేశం నుంచి దేశానికి దాటకుండా ఆపే శక్తి దానికి లేదు. దాంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1973లో నిబంధనల్లోంచి కలరా ధ్రువపత్రాన్ని తీసేసింది. మశూచి పత్రానికి మాత్రం గౌరవంగా వీడ్కోలు దొరికింది. 1980 మే 8న ఆ రోగం భూమ్మీద లేదని ప్రకటించారు, మరుసటి ఏడాది నిబంధనల నుంచీ తొలగించారు. ఆ తర్వాత అంతర్జాతీయ నిబంధనల ప్రకారం అడగడానికి మిగిలింది ఎల్లో ఫీవర్ పత్రమే. దేశాలు సొంతంగా పెట్టుకున్నవి వేరు. 2000, 2001 హజ్ కాలాల్లో డబ్ల్యు-135 రకం మెనింజైటిస్ వ్యాపించాక సౌదీ అరేబియా నాలుగు రకాలకూ కలిపి పనిచేసే టీకాను యాత్రికులకు తప్పనిసరి చేసింది. హైదరాబాదు నాంపల్లి హజ్ హౌస్‌లో యాత్రకు ముందు జరిగే టీకా శిబిరాలకు మూలం అక్కడుంది. 2014లో పోలియో రహిత దేశంగా గుర్తింపు పొందిన భారత్, ఆ ఏడాదే పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ వంటి దేశాల నుంచి వచ్చేవారిని పోలియో చుక్కల పత్రం అడగసాగింది. అడిగించుకోవడం అలవాటైన దేశం అడగడమూ నేర్చుకుంది.

ఈ చరిత్ర మొత్తం 2021లో ఒక్క ఏడాదిలో మళ్లీ జరిగినట్టయింది. భారత్‌లో జనవరి 16న కోవిడ్ టీకాలు మొదలయ్యాయి. అందుబాటులో రెండు: పుణెలో తయారైన కోవిషీల్డ్, హైదరాబాదు శివార్లలోని జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్. ఆసుపత్రిలో ఆ పూట ఏ సీసా ఉంటే అది వేశారు. ఏది వేయించుకుంటే ఏ దేశం రానిస్తుందన్న ఆలోచన అప్పుడు ఎవరికీ లేదు. వేసవి వచ్చేసరికి అదే పెద్ద ప్రశ్నయింది. కోవిషీల్డ్ ఫిబ్రవరిలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో చేరింది. కోవాగ్జిన్ నవంబరు 3 దాకా చేరలేదు. ఆ మధ్య కాలంలో హైదరాబాదు టీకా వేయించుకుని హైదరాబాదు నుంచి అమెరికా చదువుకు బయలుదేరిన విద్యార్థిని మళ్లీ టీకా వేయించుకోవాలని కొన్ని విశ్వవిద్యాలయాలు అడిగాయి. సెలవుల్లో ఇంటికి వచ్చి ఇక్కడే చిక్కుకున్న గల్ఫ్ కార్మికుల పరిస్థితి ఇంకా ఇరకాటం. సౌదీలో పనిచేసే ఒక కేరళవాసి, రెండు డోసుల కోవాగ్జిన్ తీసుకున్నా అక్కడ చెల్లడం లేదు గనుక మరో టీకా వేయించాలని హైకోర్టుకే వెళ్లాడు.

కోవిషీల్డ్ వేయించుకున్నవారికీ చిక్కులు తప్పలేదు. మేలో రెండు డోసుల మధ్య గడువు 84 రోజులకు పెరిగింది. వీసా గడువో, కాలేజీ తేదీయో అన్నాళ్లు ఆగదు. జూన్ 7న కేంద్రం చదువుకూ, ఉద్యోగానికీ, టోక్యో ఒలింపిక్స్‌కూ వెళ్లేవారికి 28 రోజులకే రెండో డోసు వేయవచ్చని, పత్రం మీద పాస్‌పోర్టు నంబరు వేయాలని చెప్పింది. ఇక్కడ తెలుగువాళ్లకు ఒక పాత ఇబ్బంది ఎదురైంది. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగానూ, పాస్‌పోర్టులో పూర్తిగానూ ఉన్నవారు లెక్కలేనంతమంది. టీకా పత్రాలిచ్చే ప్రభుత్వ కోవిన్ పోర్టల్ ఆధార్‌లో ఉన్న పేరునే ముద్రించింది. సరిచేసుకునే అవకాశం ఇచ్చారు గానీ, ఒక్కసారే. అందులో తప్పు దొర్లితే మళ్లీ మొదటికే.

దేశాల మధ్య పంతాలూ పత్రం మీదే నడిచాయి. జూలై 1న మొదలైన ఐరోపా డిజిటల్ ధ్రువపత్రం తమ ఔషధ సంస్థ ఆమోదించిన ఆస్ట్రాజెనెకాను ఒప్పుకుంది, అదే మందు పుణెలో తయారై కోవిషీల్డ్ పేరు పెట్టుకుంటే నిర్ణయం ఒక్కో దేశానికి వదిలేసింది. సెప్టెంబరులో బ్రిటన్ మరీ చిత్రమైన మాట చెప్పింది: టీకాతో పేచీ లేదు, భారతీయ ధ్రువపత్రంతోనే పేచీ. కోవిన్ పత్రం మీద పూర్తి పుట్టినతేదీ ఉండేది కాదు. ఆ గడి చేర్చారు. అయినా అక్టోబరు 4 నుంచి భారత్ బ్రిటిష్ ప్రయాణికులకు పది రోజుల క్వారంటైన్ పెట్టింది. వారం తిరిగేసరికి, 11వ తేదీ నుంచి, బ్రిటన్ భారతీయ పత్రాన్ని గుర్తించింది. రెండు రోజుల తర్వాత ఢిల్లీ తన షరతు ఎత్తేసింది. ఈ వారం పది రోజుల్లో వైద్య శాస్త్రంలో మారిందేమీ లేదు.

క్యూఆర్ కోడ్‌తో డిజిటల్ సంతకం ఉన్న పత్రాన్ని పచ్చ పుస్తకం కంటే నకిలీగా సృష్టించడం కష్టం. అయితే కోడ్‌లో ఉన్న టీకా తమ జాబితాలో ఉందా లేదా అన్న ప్రశ్నకు అది జవాబు చెప్పదు. నవంబరు 8న అమెరికా విదేశీ విమాన ప్రయాణికులకు టీకా రుజువు తప్పనిసరి చేసింది. కోవాగ్జిన్‌కు గుర్తింపు వచ్చి అప్పటికి అయిదు రోజులే అయింది కాబట్టి చాలామంది తెలుగు కుటుంబాలు ఊపిరి పీల్చుకున్నాయి. ఆ నిబంధన 2023 మే 12న రద్దయింది. అంతకు వారం ముందు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించింది. ఐరోపా రూపొందించిన డిజిటల్ పద్ధతిని ఆధారం చేసుకుని ఆ సంస్థ ప్రపంచస్థాయి ధ్రువీకరణ వ్యవస్థను మొదలుపెట్టింది. 2024 జూన్‌లో ఆమోదం పొందిన నిబంధనల సవరణలు కాగితంతోపాటు డిజిటల్ ధ్రువపత్రాలకూ చోటిచ్చాయి.

పచ్చ పుస్తకం మాత్రం ఇంకా చలామణిలోనే ఉంది. ఎల్లో ఫీవర్ ఉన్న ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాలకు వెళ్లేవారు హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లోనో, విశాఖపట్నం పోర్టు ఆరోగ్య కేంద్రంలోనో టీకా వేయించుకుని ముద్ర కొట్టించుకుంటారు. వేయించుకున్న పదో రోజు నుంచి అది చెల్లుతుంది. 2016 జూలై నుంచి గడువు పదేళ్లు కాదు, జీవితకాలం. ఆ పత్రం లేకుండా ఆ దేశాల నుంచి భారత్‌లో దిగినవారిని ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం విమానాశ్రయ ఆరోగ్య అధికారికి ఇప్పటికీ ఉంది.