నెత్తుటి పద్దు

హీమోఫిలియాను గూర్చి లోకమున వ్యాపించిన కథలన్నియు రాజాంతఃపురములవే. విక్టోరియా మహారాణి కుమారుడు లియోపోల్డు 1884లో 30 ఏండ్ల ప్రాయమున జాఱిపడి మరణించుటయు, రష్యా చక్రవర్తి కుమారుడు అలెక్సీ బాధ చూడలేక తల్లి రాస్పుటిన్‌ను ఆశ్రయించుటయు పలువురెఱిగిన వృత్తాంతములే. నేను వ్రాయబూనినది సామాన్యుల ఇండ్లలో మందుసీసాల ప్రక్కన పడియుండిన ఒక చిన్న పద్దుపుస్తకపు చరిత్ర.

ఈ వ్యాధిలో అధికముగా కనబడునది, రక్తము గడ్డకట్టుటకు వలయు ఫ్యాక్టర్ 8 అను పదార్థము లోపించిన ‘ఏ’ రకము. సుమారు 5,000 మంది మగశిశువులలో ఒకరు దీనితో జన్మింతురు. చర్మముపై చిన్న గీత పడినంతనే ప్రాణము పోవునని జనులు తలతురు గాని, దీని అసలు క్రూరత్వము వేఱు. మోకాలిలో, మోచేతిలో, చీలమండలో లోలోపలనే రక్తము నిండి, వాచి, మరల మరల అట్లే జరుగగా తుదకు కీలు బిగిసిపోవును. పదేండ్ల బాలుడు పండుముదుసలివలె నడచును. లోపించిన ఫ్యాక్టర్‌ను శిరలోనికి ఎక్కింపవచ్చును గాని, సుమారు 12 గంటలలోనే అందు సగము హరించిపోవును. కావున ఈ రోగిని రేయింబవళ్ళు వెంటాడు ప్రశ్న ఒక్కటే: ఇప్పుడు నా రక్తములో ఎంత మిగిలియున్నది?

ఆ ప్రశ్నను చికిత్సకు పునాదిగా చేసిన ఘనత స్వీడనులోని మాల్మో నగరమునకు చెందును. ఫ్యాక్టర్ ఒక శాతమునకు మించి సహజముగా ఉన్నవారి కీళ్ళు అంతగా చెడుటలేదని గ్రహించి, ఇంగా మారీ నిల్సన్ అను వైద్యురాలును ఆమె సహచరులును 1958లో రక్తము స్రవింపకముందే క్రమముగా మందెక్కించు పద్ధతిని ఆరంభించిరి. 1964లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున జూడిత్ పూల్, ఘనీభవింపజేసిన ప్లాస్మాను మెల్లగా కరగించినపుడు అడుగున మిగులు మడ్డియందే ఫ్యాక్టర్ 8 సమృద్ధిగా ఉండునని కనుగొనెను. పిదప పొడిరూపమున మందు వచ్చెను. అది ఇంటి ఫ్రిజ్జులో నిలువయుండెను. 1970 ప్రాంతమున తల్లులే బిడ్డల చేతినరము వెదకి సూది గ్రుచ్చుట నేర్చిరి. ఆసుపత్రి గోడలు దాటి మందు ఇంటికి వచ్చినప్పుడే దానివెంట ఈ పుస్తకమును వచ్చెను. ఏ దినమున, ఏ వేళ, ఏ కీలునకు, ఎన్ని యూనిట్లు ఎక్కించిరో, ఆ సీసాపై ఏ బ్యాచ్ సంఖ్య ఉన్నదో అందు వ్రాయవలెను.

ఆ బ్యాచ్ సంఖ్య యొక్క విలువ తెలియుటకు ఘోరవిపత్తే రావలసివచ్చెను. వేలమంది ప్లాస్మాను ఒక్కటిగా కలిపి చేసిన ఆ పొడిలో హెపటైటిస్ క్రిములును, ఎయిడ్సు క్రిమియు చేరెను. 1982 జూలైలో అమెరికాలో హీమోఫిలియా రోగులకు ఎయిడ్సు అను ఈ క్రొత్త వ్యాధి సోకిన వార్త మొదటిసారి వెలువడెను. బ్రిటనులో రక్తమువలనను, రక్తజన్యములైన మందులవలనను 30,000 మందికి పైగా ఈ క్రిముల వాతబడిరని 2024 మేలో వెలువడిన విచారణనివేదిక ప్రకటించినది. ప్రభుత్వపత్రములు కొన్ని బుద్ధిపూర్వకముగా నాశనము చేయబడినవనియు అందు తేలినది. తమకు ఎక్కించిన మందేదో తెలియగోరిన రోగులలో అనేకులకు ఆసుపత్రి దస్త్రములు దొరకలేదు. ఈ ఘట్టమును తలచినప్పుడెల్ల నాకు హృదయము మండును. తన దేహములోనికి ఏమి ప్రవేశించెనో తెలిపెడి లెక్క పరులయొద్ద మాత్రమే ఉండుట ఎంతటి అన్యాయమో ఇంతకంటె స్పష్టముగా చెప్పగల నిదర్శనము వేఱొకటి లేదు.

కాగితపు పుస్తకమునకును దోషములు లేకపోలేదు. నెలల తరబడి ఖాళీగా ఉండి, వైద్యుని చూడబోవు దినమున జ్ఞాపకముపై ఆధారపడి నింపబడిన పుటలు అనేకము. నిత్యము సూది గ్రుచ్చుకొని అలసిన బాలుని తప్పు పట్టుటకు నాకు మనసొప్పదు. బ్రిటనులో 2008లో ఆరంభమైన హీమ్‌ట్రాక్ అను విధానమున రోగి ఇంటినుండియే కంప్యూటరులోను, పిదప ఫోనులోను తన చికిత్సను నమోదుచేయగా, వైద్యులు దానిని వెంటనే చూడగలిగిరి. వారమునకు రెండుమార్లు ఒకే చీలమండలో రక్తము చేరుచున్నదని మూడు నెలల పిదప గాక ఆ వారముననే తెలిసినచో కీలు నిలుచును.

అంతకంటె విశేషము కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమున జరిగినది. ఒక్కొక్కని దేహమున ఫ్యాక్టర్ ఎంత వేగముగా తగ్గునో కొలుచుటకు పూర్వము పది రక్తనమూనాలవరకు తీయవలసియుండెను. పసివానికి అది దుర్భరము. అనేకుల లెక్కలను ఆధారము చేసికొని, రెండు మూడు నమూనాలతోనే ఒక్కని లెక్క తేల్చు విధానమును అక్కడివారు వాప్స్ హీమో అను పేర నెలకొల్పిరి. నేడు రోగి తన ఫోను తెఱచి, ఈ సాయంకాలము తన ఫ్యాక్టర్ ఏ స్థాయిలో నుండునో అంచనా చూచుకొని, బంతియాటకు పోవుటయో మానుటయో తానే నిర్ణయించుకొనగలడు. మాల్మోలో పుట్టిన ప్రశ్నకు సమాధానము రోగి అఱచేతిలోనికే వచ్చినది.

మన దేశమున హీమోఫిలియా ఫెడరేషన్ 1983లో స్థాపితమైనది. కాని ఫ్యాక్టర్ క్రమముగా లభింపనిచోట ఎంత చక్కని యాప్ అయినను లేని మందును లెక్కింపజాలదు. అయినను అట్టిచోటనే ఈ పద్దు మిక్కిలి అవసరమని నా అభిప్రాయము: ఏ బిడ్డకు ఏ కీలులో ఎన్నిమార్లు రక్తము చేరెనో, ఎన్నిమార్లు మందులేక తిరిగివచ్చెనో తేదీలతోసహా చూపగలిగిన తండ్రి జిల్లా ఆసుపత్రి అధికారి యెదుట ఉత్తచేతులతో నిలుచుటలేదు.